జీడి ముక్క కరిగింది, పటికబెల్లం ముక్క మిగిలింది

డిసెంబరు వచ్చిందంటే విజయవాడలో చాలా ఇళ్ళలో బిస్కెట్లు కాలుతుంటాయి. క్రిస్మస్‌కు కేకుతో పాటు ఇరుగుపొరుగుకు పంచడానికి కొందరు, సెలవులకు ఇంటికొచ్చే పిల్లల కోసం కొందరు చేస్తారు. పిండిముద్దలో టూటీ ఫ్రూటీ కలిపేవాళ్ళున్నారు, చాక్లెట్ తరిగి వేసేవాళ్ళున్నారు, తిరునాళ్ళలో కొన్న జీళ్ళో, బజార్లో కొన్న పల్లీపట్టీయో దంచి వేసేవాళ్ళూ ఉన్నారు. వీళ్ళందరికీ ఎదురయ్యే సందేహం ఒకటుంది. ఒకే పళ్ళెంలో, ఒకే సెగ మీద కాల్చినా కొన్ని తీపి ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. కొన్ని మాత్రం కరిగి, పారి, పళ్ళేనికి అంటుకుపోతాయి. అన్నిట్లో ఉన్నది పంచదారే కదా, మరి ఈ తేడా ఎక్కణ్ణించి వచ్చింది?

దీనికి జవాబు వెతకాలంటే ముందు పిండిముద్ద సంగతి చూడాలి, తర్వాత పాకం సంగతి. చివరికి బందరు (మచిలీపట్నం) వైపు నుంచి వచ్చే తేమగాలి దాకా వెళ్ళాల్సి వస్తుంది.

విజయవాడ వేడిలో వెన్న

తీపి ముక్కలు కలిపిన బిస్కెట్లలో ప్రపంచంలో ఎక్కువ పేరొచ్చింది చాక్లెట్ ముక్కలదానికి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని విట్మన్ అనే ఊళ్ళో టోల్ హౌస్ అనే భోజనశాల నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ 1930ల చివర్లో దాన్ని ప్రచారంలోకి తెచ్చింది. అక్కడి బిస్కెట్ వంటకాలు చాలావరకు ఒక మాటతో మొదలవుతాయి: వెన్నను గది వేడికి వచ్చేదాకా బయట ఉంచండి. వాళ్ళ గది వేడి సుమారు 20 డిగ్రీలు. మన విజయవాడలో మే నెలలో బయట 40 డిగ్రీలు దాటడం మామూలే. శీతాకాలం మధ్యాహ్నాల్లో కూడా వంటింటి వేడి 20 డిగ్రీలకు దిగదు. ఆ మాటను అక్షరాలా పాటిస్తే వెన్న మెత్తబడి ఆగదు, నూనె అయిపోతుంది.

అయితే ఏం, ఎలాగూ కాలేటప్పుడు కరిగేదే కదా అనిపిస్తుంది. కానీ ఎప్పుడు కరిగింది అనేదే ఇక్కడ ముఖ్యం. బజార్లో దొరికే వెన్నలో సుమారు 80 శాతం కొవ్వు, 16 శాతం నీరు ఉంటాయి. ఆ కొవ్వు ఒకే రకం పదార్థం కాదు. దానిలో కొన్ని భాగాలు తక్కువ వేడికే కరుగుతాయి, కొన్ని 35 డిగ్రీల దగ్గర కరుగుతాయి. అందుకే 20 డిగ్రీల దగ్గర వెన్న సగం గట్టిగా, సగం జారుగా ఉంటుంది. ఆ స్థితిలో పంచదార వేసి గిలక్కొడితే పంచదార పలుకుల అంచులు వెన్నను చీల్చుకుంటూ వెళ్ళి, వెళ్ళిన దారిలో సన్నని గాలి బుడగలను వదిలిపెడతాయి. గట్టిగా ఉన్న కొవ్వు ఆ బుడగలను పట్టి ఉంచుతుంది. బిస్కెట్ గుల్లగా రావడానికి పునాది ఇదే. తినేసోడా కొత్త బుడగలను పుట్టించలేదు. అప్పటికే ఉన్న బుడగలను పెద్దవి చేయడం వరకే దాని పని. పూర్తిగా కరిగిన వెన్నలో గాలి నిలవదు. ఆ బిస్కెట్ పళ్ళెంలో పలచగా పరుచుకుని గట్టిగా తయారవుతుంది.

కాబట్టి మన ఊళ్ళో ఈ పని తెల్లవారుజామున పెట్టుకోవడం మంచిది. వెన్న గిలక్కొట్టే గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో ఉంచితే వెన్న తొందరగా కరగదు. కలిపిన ముద్దను ఫ్రిజ్‌లో ఒక గంట పెట్టి, తర్వాత బిళ్ళలు చేసుకోవచ్చు. వెన్న బదులు నెయ్యి వాడేవాళ్ళు పూసకట్టిన నెయ్యి తీసుకుంటే ఇదే లాభం దక్కుతుంది. పైగా నెయ్యిలో నీరు దాదాపు ఉండదు. మైదాలోని మాంసకృత్తులు నీటితో కలిస్తేనే గ్లూటెన్ అనే సాగే వల ఏర్పడుతుంది. నీరు లేకపోతే వల పెద్దగా అల్లుకోదు, బిస్కెట్ నోట్లో పెట్టుకోగానే పొడిపొడిగా విడిపోతుంది. నెయ్యి బిస్కెట్లకున్న ఆ కమ్మని గుల్లదనం ఇందువల్ల వచ్చిందే.

ఇసుక పోసిన గిన్నె

ముద్ద సిద్ధమయ్యాక దాన్ని కాల్చే పొయ్యి కావాలి. బందరు రేవులో డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ 17వ శతాబ్దం మొదట్లోనే వర్తక స్థావరాలు పెట్టారు. అయినా నాలుగు వైపుల నుంచీ వేడి తగిలే మూసిన పొయ్యి మన ఇళ్ళలోకి రాలేదు. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా వరి పండింది. మన పిండివంటలు బియ్యప్పిండితో, సెనగపిండితో పెరిగాయి. వాటికి మూకుడు, నూనె, ఆవిరి చాలు. గోధుమపిండితో చేసే బిస్కెట్‌కు మాత్రం పొడి వేడి కావాలి.

ఓవెన్ లేని ఇళ్ళలో దీనికి మనవాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయం ఇసుక. మందపాటి గిన్నెలో రెండంగుళాల ఎత్తు పొడి ఇసుక పోసి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూత వేసి పావుగంట కాస్తారు. తర్వాత బిస్కెట్ల పళ్ళెం లోపల పెడతారు. ఇసుక రేణువుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి వేడి దానిలో మెల్లగా నడుస్తుంది. మంట నేరుగా తగిలే చోట మాడిపోవడం, పక్కన పచ్చిగా ఉండిపోవడం తగ్గుతుంది. మంట కాస్త ఎక్కువ తక్కువలైనా లోపలి వేడి ఒక్కసారిగా మారదు. దీని లోపం ఒకటే, పై నుంచి వేడి తక్కువ. బిస్కెట్ అడుగు ఎర్రబడినా పైభాగం తెల్లగానే ఉంటుంది. అందుకే పాతకాలంలో కుంపటి మీద కాల్చేవాళ్ళు మూత మీద కూడా నిప్పులు పోసేవాళ్ళు.

పాకం ఎక్కడ ఆగింది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పంచదార, నీళ్ళు కలిపి పొయ్యి మీద పెడితే మొదట మామూలు నీళ్ళు మరిగినట్టే మరుగుతుంది. నీరు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన ద్రవం చిక్కబడుతుంది, మరిగే వేడి 100 డిగ్రీలు దాటి పైకి పోతుంది. ఆ వేడి ఎంతో తెలిస్తే పాకంలో నీరు ఎంత మిగిలిందో చెప్పొచ్చు. పంచదార తీగపాకం సుమారు 106 నుంచి 112 డిగ్రీల మధ్య వస్తుంది. అప్పుడు అందులో ఐదో వంతు నీరు ఇంకా ఉంటుంది. 112 నుంచి 116 మధ్య నీళ్ళ పళ్ళెంలో వేసిన చుక్క మెత్తని ఉండ అవుతుంది, నీరు సుమారు 15 శాతానికి తగ్గుతుంది. 150 డిగ్రీల దగ్గర చుక్క నీళ్ళలో పడగానే గట్టిపడి, విరిస్తే పెళుక్కుమంటుంది. అప్పటికి మిగిలిన నీరు ఒకటి రెండు శాతమే.

మన వంటవాళ్ళ చేతిలో థర్మామీటరు లేదు. వేళ్ళ మధ్య తీగ సాగుతుందా, నీళ్ళలో ఉండ కడుతుందా, పళ్ళేనికేసి కొడితే టంగుమంటుందా అని చూసి అదే సంగతి తెలుసుకునేవాళ్ళు. బూందీ లడ్డూకు తీగపాకం, అరిసెలకు ఉండపాకం, పల్లీపట్టీకీ జీళ్ళకూ బాగా ముదిరిన పాకం అని వాళ్ళు వేరు చేసిన తీరు నీటి కొలతకు సరిగ్గా సరిపోతుంది. దీన్ని నేను నిజమైన ప్రయోగవిద్యగానే చూస్తాను. పరికరం లేకుండా, కంటితో చేతితో, ప్రతిసారీ ఒకే ఫలితం రాబట్టిన విద్య అది.

మచిలీపట్నం లడ్డూ దీనికి మంచి సాక్ష్యం. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బందరు లడ్డూకు సెనగపిండి చక్రాలు నూనెలో వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ దంచుతారు. పాకం లేతగా ఉంటే ఉండ నిలవదు, ముదిరితే రాయి అవుతుంది. మెత్తగా ఉండి కూడా ఆకారం చెడకపోవడానికి పాకం సరైన చోట ఆగాలి.

బంతిలో కూర్చున్నవాళ్ళు, నిలబడిపోయినవాళ్ళు

నీరు దాదాపు పోయిన పాకం చల్లారేటప్పుడు రెండు దారులు ఉన్నాయి. దాన్ని పెళ్ళి భోజనాలతో పోల్చి చూద్దాం. బంతి పిలిచారు. తొందర లేకపోతే అందరూ నెమ్మదిగా వచ్చి వరసలో, ఒకరి పక్కన ఒకరు ఆకుల ముందు సర్దుకుని కూర్చుంటారు. అదే, పందిట్లోకి జనం తోసుకొస్తున్న క్షణంలో ఉన్నట్టుండి కరెంటు పోయిందనుకోండి. ఎక్కడివాళ్ళు అక్కడే ఆగిపోతారు. ఒకరి ముఖం ఇటు, ఇంకొకరి ముఖం అటు. జనం అదే, పందిరి అదే, కానీ వరస లేదు.

పంచదార అణువులు తీరిగ్గా వరసలో కూర్చుంటే వచ్చేది స్ఫటికం. పటికబెల్లం అదే. చిక్కని పాకాన్ని కదపకుండా రోజుల తరబడి వదిలేస్తే దారం చుట్టూ పలుకులు పేరుకుంటాయి. వరస కుదరకముందే గబుక్కున చల్లారి ఆగిపోతే వచ్చేది గాజులాంటి స్థితి. నిమ్మకాయ బిళ్ళలు, పల్లీపట్టీ మీది నిగనిగలాడే పొర, గట్టి జీళ్ళు అన్నీ ఈ కోవకే చెందుతాయి. పాకంలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే పలుకు కట్టదని అమ్మమ్మలు చెప్పేది ఇందుకే. ఆ పులుపు పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. బంతిలో వేరే ఊరివాళ్ళు మధ్యమధ్య వచ్చి కూర్చుంటే అసలు వరస కుదరనట్టు, ఈ కొత్త చక్కెరలు స్ఫటికం ఏర్పడనివ్వవు. బెల్లంలో ఇవి సహజంగానే సుమారు పదో వంతు ఉంటాయి. అందుకే బెల్లం జీళ్ళు సాగుతాయి, పలుకు కట్టవు.

వరసలో కూర్చున్నవాళ్ళను లేపాలంటే గట్టిగా పిలవాలి. పంచదార స్ఫటికం కరగడానికి సుమారు 186 డిగ్రీలు కావాలి. ఇంట్లో బిస్కెట్లు కాల్చేది 160, 170 డిగ్రీల దగ్గర. పైగా తడి ఉన్నంతసేపూ పిండి లోపలి వేడి 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. కాబట్టి పటికబెల్లం ముక్క కరగదు. చుట్టూ ఉన్న కాస్త తడికి దాని పైపొర కొంచెం అరుగుతుంది, అంతే. కొరికితే కరకరలాడుతుంది. గాజు స్థితిలో ఉన్న జీడి ముక్క సంగతి వేరు. దానికి కరిగే వేడి అంటూ ఒక గీత లేదు. ఆగిపోయిన అణువులు కొద్దిగా వేడి తగలగానే మళ్ళీ కదలడం మొదలుపెడతాయి. వంద డిగ్రీలకు బాగా ముందే అది మెత్తబడుతుంది, పొయ్యిలో పూర్తిగా పారుతుంది.

మొదట అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇదే. రెండూ పంచదారే, కానీ ఒకటి వరసలో ఉంది, రెండోది లేదు.

ఇంకో సంగతి. బిస్కెట్ కరకరలాడడం కూడా ఈ గాజు స్థితి వల్లనే. పిండిలో కలిపిన పంచదార పొయ్యిలో ఆ కాస్త నీటిలో కరిగి పాకమవుతుంది. అందువల్లనే వేడి బిస్కెట్ పళ్ళెం మీంచి తీయగానే మెత్తగా ఉంటుంది, కాలలేదేమో అని మళ్ళీ లోపల పెట్టబుద్ధవుతుంది. పెట్టకూడదు. పది నిమిషాలు చల్లారనిస్తే ఆ పాకం గట్టిపడి బిస్కెట్ బిగుస్తుంది. మనం తింటున్నది పిండిలో పరుచుకున్న సన్నని జీడిపొరే.

బొప్పాయి ముక్క, చాక్లెట్ ముక్క

టూటీ ఫ్రూటీ కరగకపోవడానికి కారణం మళ్ళీ వేరు. అది నిజానికి పచ్చి బొప్పాయి. ముక్కలు కోసి, సున్నపు తేటలో నానబెట్టి, ఉడికించి, పంచదార పాకంలో ఊరబెడతారు. సున్నంలోని కాల్షియం కాయ గోడల్లో ఉండే పెక్టిన్ అనే జిగురును పట్టుకుని బిగిస్తుంది. ఆ గోడలు ఉడికినా చితకవు. తర్వాత పాకాన్ని రోజురోజుకూ చిక్కన చేస్తూ ముక్కల్లోకి పట్టిస్తారు. ఒకేసారి చిక్కని పాకంలో వేస్తే లోపలి నీరంతా బయటికి వచ్చేసి ముక్క ముడుచుకుపోతుంది. మాగాయ ముక్కకు ఉప్పు పట్టిస్తే ఊట దిగేదీ ఈ సూత్రం మీదే. మెల్లగా చేస్తే నీరు బయటికి వచ్చే కొద్దీ పంచదార లోపలికి చేరుతుంది. చివరికి పంచదార అంతా కాయ గదుల్లో ఉండిపోతుంది. పొయ్యిలో ఆ పంచదార మెత్తబడినా గోడలు దాటి పారలేదు.

ఈ బొప్పాయి ముక్కల బిస్కెట్‌ను తెలుగువాళ్ళకు బాగా అలవాటు చేసింది హైదరాబాదు. దేశ విభజన తర్వాత సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నాని 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ పెట్టారు. దాని ఫ్రూట్ బిస్కెట్ ఇప్పటికీ హైదరాబాదు నుంచి ఇంటికి వచ్చేవాళ్ళ సంచీలో ఉంటుంది.

చాక్లెట్‌లో మరో కిటుకు ఉంది. దాని కొవ్వు సుమారు 34 డిగ్రీలకే కరుగుతుంది. మే నెల మధ్యాహ్నం చాక్లెట్ తరగబోతే చేతికి అంటుకునేది అందుకే. అయినా బిస్కెట్‌లో అది ముక్కగానే మిగులుతుంది. చాక్లెట్‌లో పంచదార కరిగి లేదు. సన్నని పొడిగా, కోకో పొడితో కలిసి, కొవ్వులో ఒత్తుగా కూరి ఉంది. కొవ్వు ద్రవమైనా ఆ రేణువులు ఒకదానికొకటి ఆనుకుని ఉండబట్టి, ఎవరూ కదపకపోతే ముక్క ఆకారం చెదరదు. ఇలాంటి కోకో మన పక్కనే పండుతోంది. దేశంలో కోకో పండించడంలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల నీడన ఆ చెట్లు పెరుగుతున్నాయి. ఆ గింజలతో హైదరాబాదులో మంచి చాక్లెట్ తయారవుతోంది. మన తోటల పంట మన బిస్కెట్లోకి రావడం నాకు చాలా సంతోషం కలిగించే సంగతి.

జీళ్ళు, పల్లీపట్టీ వేయాలనుకునేవాళ్ళు వాటి స్వభావం తెలుసుకుని వాడితే చాలు. ముక్కలను ముద్ద మధ్యలో ఉంచాలి, పళ్ళేనికి తగలనివ్వకూడదు. లేదా బిస్కెట్లు దాదాపు కాలాక తీసి, పైన ముక్కలు అద్ది, రెండు నిమిషాలు మాత్రం మళ్ళీ లోపల పెట్టాలి. బెల్లంతో చేసినవి ఇంకా త్వరగా నల్లబడతాయి. దానిలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ వేడికి మాంసకృత్తుల ముక్కలతో కలిసి గోధుమరంగునూ కమ్మని వాసననూ పుట్టిస్తాయి. ఫ్రాన్సు శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ 1912లో వర్ణించిన చర్య ఇది. కరగడమే కావాలనుకుంటే బిస్కెట్ మధ్యలో చిల్లి చేసి, దంచిన రంగు బిళ్ళలు నింపి కాల్చవచ్చు. కరిగి చల్లారాక మధ్యలో రంగుటద్దం బిగించినట్టు ఉంటుంది. పిల్లలకు గాజు స్థితి అంటే ఏమిటో చూపించడానికి దీన్ని మించిన పాఠం నాకు తెలీదు.

ముద్ద కొలతలు కూడా చెప్పేస్తాను. 200 గ్రాముల మైదా, 100 గ్రాముల వెన్న, 100 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు, పావు చెంచా తినేసోడా, అవసరమైతే ఒకటి రెండు చెంచాల పాలు, గుప్పెడు తీపి ముక్కలు. 165 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు. ఇసుక గిన్నెలో అయితే ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది, అంచులు ఎర్రబడగానే తీసేయాలి.

బందరు గాలి

ఇంత కష్టపడి చేసిన బిస్కెట్ మర్నాటికి మెత్తబడితే ప్రాణం ఉసూరుమంటుంది. డెల్టాలో ఇది రోజూ జరిగేదే. సముద్రం పక్కనే ఉంది, చుట్టూ కాలవలూ వరి పొలాలూ ఉన్నాయి. తెల్లవారేసరికి గాలిలో తేమ 70 శాతం దాటడం ఇక్కడ సాధారణం. అప్పుడే కాల్చిన బిస్కెట్‌లో నీరు రెండు మూడు శాతమే. గాలిలోని తేమ దానిలోకి చేరుతుంది. గాజు స్థితిలో ఉన్న పంచదారకు నీరు తగిలితే ఆగిపోయిన అణువులకు కదలడానికి చోటు దొరుకుతుంది. పొయ్యిలో వేడి చేసిన పనే ఇక్కడ నీరు చేస్తుంది. మూత తీసి ఉంచిన జీళ్ళు జిగురెక్కేదీ ఇలాగే. స్ఫటికం మళ్ళీ ఇక్కడ కూడా తట్టుకుంటుంది. తేమ సుమారు 85 శాతం దాటేదాకా పంచదార పలుకు నీటిని పీల్చుకోదు. గాలికి పెట్టినా పటికబెల్లం పొడిగా ఉండడానికి కారణం అదే.

మెత్తబడిన బిస్కెట్ పాడైనట్టు కాదు. ఐదు నిమిషాలు సన్న సెగ మీద వేడిచేస్తే చేరిన నీరు పోతుంది, చల్లారాక మళ్ళీ బిగుస్తుంది. వేడిగా ఉన్నప్పుడే డబ్బాలో పెట్టడం మాత్రం తప్పు, ఆవిరి లోపలే చిక్కుకుంటుంది.

టూటీ ఫ్రూటీ వేసిన బిస్కెట్లకు మూత బిగించినా ఒక బాధ మిగులుతుంది. ఆ ముక్కల్లో పిండి కంటే ఎక్కువ నీరు ఉంటుంది, అది రోజులు గడిచే కొద్దీ ముక్క నుంచి పిండిలోకి నడుస్తుంది. ముక్క రబ్బరులా బిగుస్తుంది, దాని చుట్టూ ఉన్న పిండి మెత్తబడుతుంది. అందుకే ముక్కలను కలపబోయే ముందు పొడి గుడ్డ మీద పరిచి, ఫ్యాను కింద ఒక రాత్రి ఆరనిచ్చి, కాస్త మైదా దులిపి వేసుకోవాలి. పటికబెల్లం బిస్కెట్లనూ బొప్పాయి ముక్కల బిస్కెట్లనూ ఒకే డబ్బాలో కలిపి పెట్టకూడదు. బొప్పాయి ముక్క వదిలిన తేమ పక్కనున్న పొడి బిస్కెట్లకూ చేరుతుంది.